అల్లుడి వాచీలో 17 కెంపులు

మా అబ్బాయికి వాచీల పిచ్చి. పెద్ద కంపెనీలవి వద్దట, చిన్న సంస్థలు సొంతంగా చేసే కీ వాచీలే కావాలట. మొన్న పండక్కి బెంగుళూరు నుంచి తెనాలి వస్తూ ఒకటే ముల్లున్న వాచీ పెట్టుకొచ్చాడు. జర్మనీలో మైస్టర్‌సింగర్ అనే సంస్థ 2001 నుంచి ఇలాంటివి చేస్తోందట. ఉన్నది గంటల ముల్లే. అది ఏ గీత దగ్గరుందో చూసి నిమిషాలు మనమే లెక్కేసుకోవాలి.

"రెండోది ఊడిపోయిందేమిట్రా?" అన్నారు మా అత్తగారు.

నవ్వులయ్యాక వాడు అసలు సంగతి బయటపెట్టాడు. "నాయనమ్మా, తాతయ్య జనతా వాచీ నాకిస్తావా?"

జనతా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెచ్.ఎం.టి. వాళ్ళు జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. జనతాకి రోజూ కీ ఇవ్వాలి. లోపల 17 జ్యూయల్స్, అంటే కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటిలో తిరుగుతాయి. తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి, 1984లో టైటాన్ పుట్టింది. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకి కేంద్రం ఒప్పుకుంది. ఇప్పుడు ఆ పాతవాటి కోసమే పిల్లలు వెతుక్కుంటున్నారు.

అత్తగారు బీరువాలోంచి వాచీ తీశారు. "ఇందులో 17 కెంపులున్నాయి తెలుసా" అన్నాడు వీడు.

"మా అమ్మ కమ్మల్లో ఎన్నుండేవో నేను లెక్కపెట్టలేదురా" అన్నారావిడ.

1972లో రేపల్లెలో ఆవిడ పెళ్ళి. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో అని మాట. రెండు సమకూరాయి, వాచీకి డబ్బు చాలలేదు. వాళ్ళమ్మగారు కెంపుల కమ్మలు అమ్మేశారు. ఆ తర్వాత ఆవిడ చెవులకి గిల్టువేనట. ఇన్నేళ్ళూ ఈ మాట మాకెవరికీ చెప్పలేదు.

వాచీల ఫ్యాక్టరీ వచ్చిన 1961లోనే వరకట్న నిషేధ చట్టమూ వచ్చింది. అయినా వాచీని ఎవరూ కట్నం కింద లెక్కేయలేదు, అల్లుడి ముచ్చట అన్నారు. బాపట్లలో మా నాన్నగారూ మావారికి ఒకటి పెట్టారు. అందుకోసం ఏం అమ్మారో నేనెప్పుడూ అడగలేదు. ఆడవాళ్ళకి సుజాత అనే వాచీ కూడా హెచ్.ఎం.టి. చేసింది. అత్తగారి చేతికి మాత్రం ఏ వాచీ రాలేదు. రేపల్లె రైలు కూత విని పొయ్యి వెలిగించేవారట.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఈమధ్య ఒకరు "మాకేం వద్దండీ, అబ్బాయికి మంచి వాచీ పెడితే చాలు" అన్నారు. ఇంతేగా అనుకుని నేనూ తలూపాను.

అత్తగారు ఆ జనతాని మనవడికివ్వలేదు. మనవరాలి చేతికి కట్టి, "పొద్దున్నే కీ ఇవ్వు, మరీ గట్టిగా తిప్పకు" అన్నారు. అబ్బాయి ఏమీ అనలేదు. బెల్టు వదులైతే ఇంకో చిల్లు వాడే పెట్టాడు.

మర్నాడు ఆ సంబంధం వాళ్ళకి ఫోన్ చేశాను. వాచీ మాట లేకపోతేనే ముందుకెళ్దామని చెప్పాను. ఇంకా కబురు రాలేదు.