బోనులో మనవాడు, పక్కన వకీలు



మన పోరాటాల చరిత్ర చెప్పుకునేటప్పుడు విల్లంబులు, కొండలు, అమరుల పేర్లు గుర్తుకొస్తాయి. కోర్టు ఎవరికీ గుర్తుకు రాదు. కానీ మన పెద్దలు అడవిలో ఎంత పోగొట్టుకున్నారో కోర్టు గదిలోనూ అంత పోగొట్టుకున్నారు. ఆ కథ మీకు తెలియాలి. ఎందుకంటే దాని చివర మీ చేతికి అందివచ్చే ఒక హక్కు ఉంది.

1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల వేధింపులు దానికి కారణాలని చదువుకున్నాం. ఇంకో కారణం కూడా ఉంది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్లతో అన్యాయమైన ఒప్పందాలు రాయించుకుని, దూరంగా ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవారు. కొండ దిగి వాదించే దారి మనవాళ్లకు లేదు. ఒకవైపు మాటే విని కోర్టు డిక్రీ ఇచ్చేసేది. 5 రూపాయల అప్పు కింద 100 రూపాయల విలువైన పశువులూ పంటా తోలుకుపోయారని ఆనాడు చెప్పుకున్నట్టు బ్రిటిష్ వారి గెజిటీరే రాసింది. అవి సివిల్ దావాలే. అయినా తన తరఫున మాట్లాడే మనిషి లేకపోతే కోర్టు ఎవరి చేతిలో ఆయుధమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

క్రిమినల్ కేసుల సంగతి ఇంకా ఘోరం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 తర్వాత అది మద్రాసు రాజ్యంలోనూ అమలైంది. ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేశారు. ఆ ముద్ర తప్పని కోర్టులో సవాలు చేసే వీలు కూడా చట్టం ఉంచలేదు. అంటే వకీలు ఉన్నా ప్రయోజనం లేని స్థితి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు.

మామూలు నిందితుడికి వకీలును పెట్టుకునే హక్కు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. అయితే ఫీజు అతనే కట్టుకోవాలి. డబ్బున్నవాడికి అది హక్కు, లేనివాడికి కాగితం మీద అక్షరం. రాజ్యాంగంలోని 22వ అధికరణం కూడా ఇష్టమైన వకీలు ద్వారా వాదించుకోవచ్చని చెప్పింది గానీ, పేదవాడికి ఆ వకీలును ఎవరు తెచ్చివ్వాలో చెప్పలేదు.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు తొలి రోజుల్లోనే వచ్చింది. అదీ మన తెలంగాణ నేల నుంచే. సాయుధ పోరాట కాలపు హత్య కేసుల్లో నల్లగొండ ప్రత్యేక ట్రిబ్యునల్ 1949లో రైతుబిడ్డలకు ఉరిశిక్షలు వేసింది. విచారణలో తమకు వకీలు లేడని, కాబట్టి శిక్ష చెల్లదని వారు సుప్రీంకోర్టుకెళ్లారు. వారి కోసం ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే ప్రసిద్ధ బారిస్టరు వచ్చి వాదించాడు. జనార్దన్ రెడ్డి కేసుగా చెప్పుకునే ఆ తీర్పు 1951లో వచ్చింది. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని, దానివల్ల అన్యాయం జరిగిందని చూపించాలని కోర్టు అంది. ఆ తర్వాత ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి గానీ, పేదవాడి ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోయింది.

దానికి జవాబు రావడానికి పాతికేళ్లు పైనే పట్టింది. 1973 నాటి కొత్త కోడ్, సెషన్స్ కోర్టులో వకీలును పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలంది. 1976లో ఉచిత న్యాయ సహాయం గురించి 39ఎ అధికరణం చేరింది. 1978లో హోస్కోట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, 1979లో బీహారు జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గిన ఖైదీల హుసేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి, ఇది దయ కాదు, హక్కు అని తేల్చారు. ఖజానాలో డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోకూడదని 1981లో భాగల్‌పూర్ కేసులో కోర్టు చెప్పింది.

వీటన్నిటిలో మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది అరుణాచల్ ప్రదేశ్ కొండల నుంచి వచ్చిన సుక్‌దాస్ కేసు. ఒక అధికారిని బెదిరించాడన్న కేసులో అతనికి రెండేళ్ల శిక్ష పడింది. విచారణ అంతా వకీలు లేకుండానే నడిచింది. "అతను అడగలేదు కదా" అన్నది ప్రభుత్వం వాదన. హక్కు ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడు? నిందితుడికి ఆ మాట చెప్పవలసింది కోర్టేనని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఆ శిక్షను కొట్టేసింది.

1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం వచ్చింది. అది 1995 నవంబర్ 9 నుంచి అమలవుతోంది. దాని 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగకు చెందిన ఎవరికైనా ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. ఆదాయంతో పనిలేదు. కస్టడీలో ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు. ఫోన్ నంబరు 15100.

అయినా హక్కు దానంతట అది నడిచి గూడేనికి రాదు. పోలీసులు పట్టుకెళ్లిన మనిషి ఇంట్లో ముందు చేసే పని ఏమిటి? మేకనో, ఎద్దునో అమ్మి డబ్బు పోగుచేయడం. ఆ రోజు అక్కడ ఉండి "ఆగండి పెద్దమ్మా, మనకు వకీలును ఉచితంగా ఇస్తారు, నేను వెంట వస్తాను" అనగలిగే పిల్లవాడో పిల్లో ఊరికొకరు కావాలి. కోయ, గోండి, సవర తప్ప మరో భాష రాని తాత బోనులో నిలబడితే, సాక్ష్యాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పించాలని కూడా చట్టం ఉంది. ఆ సంగతి వకీలుకు గుర్తుచేయవలసింది మీరే. పారా లీగల్ వాలంటీరుగా చేరవచ్చు. వీలైతే లా చదవండి.

1879లో మన పెద్దల తరఫున మాట్లాడేవారు ఎవరూ లేక వాళ్లు కొండెక్కి ఆయుధం పట్టారు. ఈనాడు ఆ మాట మాట్లాడే దారి ఉంది. ఈ సంచిక చదివాక మీ ఊళ్లో కనీసం పదిమందికి ఆ దారి చూపించండి.