అయ్యవారి జీతం ఎవరిచ్చారు?

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. చిలమత్తూరు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు అప్పట్లో బళ్లారి జిల్లాలోనివే. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. తమ జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ అడిగాడు. చాలామంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. తెలుగు వ్యాకరణం రాసిన కాంబెల్ మాత్రం అంకెలతో పాటు వాటి వెనక ఉన్న కష్టాన్నీ రాశాడు.

జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60. అంటే వెయ్యి మందికి ఏడుగురైనా బడిలో లేరు. సగటున ఒక్కో బడికి పన్నెండు మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, ఫారసీవి 21, తమిళానివి నాలుగు, ఇంగ్లీషుది ఒక్కటి. పక్కనే కర్ణాటకలోని బాగేపల్లి ఉన్న చిలమత్తూరు వాళ్లకు ఈ భాషల కలగలుపు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇన్ని బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వం నుంచి సాయం అందడం లేదని, అది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందని కాంబెల్ రాశాడు. అయ్యవార్లను పోషించింది పిల్లల తల్లిదండ్రులే. తల్లిదండ్రుల చేతిలో డబ్బు ఆడనప్పుడు బడి మూతపడేది. పూర్వం బడులున్న ఊళ్లలో ఇప్పుడు లేవని, పెద్ద బడుల్లోనూ కలవారి పిల్లలే మిగిలారని ఆయన చూశాడు. కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు నుంచి దిగిన బట్ట నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాగేసింది. సైన్యం తరలిపోయి ధాన్యానికి గిరాకీ తగ్గింది. దొరల చేతికి చేరిన డబ్బు తిరిగి ఈ నేల మీద ఖర్చు కావడం లేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి కంపెనీకే ఈ మాట రాయడానికి గుండె ధైర్యం కావాలి. రాయలసీమ చదువుల చరిత్ర రాసేవాళ్లు మన్రోను తలుస్తారు గానీ, ఈ కలెక్టరు పేరును అంతగా తలవరు. తలవాలి.

మన్రోకు దత్తమండలాలు, అంటే బళ్లారి, కడప ప్రాంతాలు, కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా ఇక్కడే ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. 1826 మార్చి 10న ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి లెక్క తేల్చాడు: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. దాంతోపాటు ఒక పథకం వేశాడు. ప్రతి కలెక్టరేటులో హిందువులకొకటి, ముస్లిములకొకటి పెద్ద బడి. ప్రతి తాసీల్దారీలో ఒక బడి. పెద్ద బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు. పాఠ్యపుస్తకాల సంఘానికి ఇచ్చే 700తో కలిపి నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు.

ఆ మొత్తంలో సింహభాగం, నెలకు 2,700 రూపాయలు, 300 తాసీల్దారీ బడులకే కేటాయించడం గమనించాల్సిన సంగతి. మన్రో తూకం పల్లె వైపే మొగ్గింది. అయినా తాసీల్దారీకి ఒక్క బడి అంటే, కసబాకు దూరంగా ఉన్న పల్లె పిల్లవాడికి దక్కేది పాత వీధిబడే. 1827 జూలైలో మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మరుసటి ఏడు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఖర్చుకు ఒప్పుకున్నారు గానీ, పథకాన్ని వెన్నంటి ఉండి నడిపించే మనిషి లేకుండా పోయాడు. 1835లో మెకాలే వాదన గెలిచి డబ్బు ఇంగ్లీషు చదువుల వైపు మళ్లింది. 1836లో మన్రో పథకపు బడులను ఎత్తేశారు.

ఆ తర్వాత బడి బరువు మళ్లీ రైతు మీదే పడింది. 1871 చట్టంతో భూమిశిస్తు మీద సెస్సు వేసి స్థానిక నిధి ఏర్పాటు చేశారు. రోడ్లకూ ఆసుపత్రులకూ బడులకూ అందులోంచే తీయాలి. వాన పడితేనే శిస్తు, శిస్తు వస్తేనే బడి. 1876–78 కరువు దత్తమండలాలను పీల్చి పిప్పి చేసిన తీరు తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటులోని అన్యాయం తెలుస్తుంది. ఎక్కడ పంట పండదో అక్కడి పిల్లలకే చదువూ తక్కువ రాసిపెట్టినట్టయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక బడి సమితికి, హైస్కూలు జిల్లా పరిషత్తుకు దక్కాయి. బడి గోడ మీద ఇప్పటికీ కనిపించే ‘జి.ప.’, ‘మం.ప.’ అక్షరాలు ఆ పంపకం, తర్వాతి మండల వ్యవస్థ మిగిల్చినవే. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. 1972లో హిందూపురానికి దగ్గరలోని కొడిగెనహళ్లికీ ఒకటి వచ్చింది. పేదింటి పిల్లలను అది పెద్ద చదువులకు చేర్చింది, అందులో సందేహం లేదు. కానీ పరీక్ష పెట్టి కొందరినే ఏరుకునే బడి అది. మిగిలినవాళ్లు చదివిన ఊరి బడికి అదే శ్రద్ధ దక్కి ఉంటే ఈ ప్రాంతం మరోలా ఉండేది.

ఇటీవలి మార్పు ఇంకా పెద్దది. 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం కింద తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలైంది. పిల్లవాడు ప్రైవేటు బడిలో ఉన్నా ఆ డబ్బు అందేది. 2025 జూన్‌లో దాని స్థానంలో తల్లికి వందనం పథకం వచ్చింది. 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడుల నిర్వహణకు. కాంబెల్ నాడు తల్లిదండ్రులు అయ్యవారికి చెల్లించారు. నేడు ప్రభుత్వం తల్లిదండ్రులకు చెల్లిస్తోంది. తల్లి చేతికి డబ్బు అందడం మంచిదే. అయితే అదే డబ్బు ప్రైవేటు ఫీజుగా వెళ్లిపోతే ఊరి బడి హాజరు పట్టీ పలచబడుతుంది, పిల్లలు తగ్గారన్న సాకుతో టీచరు పోస్టూ తరలిపోతుంది.

ఆ భయం ఊహ కాదు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపింది. అలాంటి ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయింది. పిల్లలు ఎక్కువున్న చోట తరగతికొక టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం మాత్రం అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. బడిలో పన్నెండు మందే ఉన్నా ఆ ఇద్దరూ ఉండాల్సిందే.