కన్య నోటిమాట



పెండ్లిచూపులనాడు మన యిండ్లలో జరుగు తంతు మీరెరుగనిది కాదు. వరుని తండ్రి కట్నమును విచారించును. మేనమామ లాంఛనముల సంగతి ఎత్తును. పురోహితుడు నక్షత్రము అడుగును. పిల్ల యేమనుచున్నదని అడుగువారు అరుదు. అడిగినను నలుగురి యెదుట తలవంచుకొని కూర్చున్న పిల్ల మౌనమునే అంగీకారముగా లెక్కగట్టుదుము. ఆ ప్రశ్న మన సభలలోనికిని, శాసనములలోనికిని ఎట్లు వచ్చెనో, ఎంత ఆలస్యముగా వచ్చెనో నేడు మనవి చేయదలచితిని.

నేను సింగరేణి సంస్థ నూరేండ్ల పేర వెలసిన సెంటినరీ కాలనీలో కాపురముండువాడను. చుట్టుపట్ల రామగిరి, మంథని పల్లెల పెద్దలతో ఈ సంగతి ముచ్చటించునపుడు తరచుగా ఒక మాట వినుచుందును: “బాల్యవివాహములు పోయినవి, పిల్లలు చదువుచున్నారు, ఇంకేమి కావలెను?” అని. వయస్సు వేరు, సమ్మతి వేరు. మొదటిదానికై మన దేశమున నూరేండ్లు పోరాడిరి. రెండవదానిని ఆ పోరాటములోనే ఎవరో ఒకరు నడుమనడుమ జ్ఞాపకము చేయుచుండిరి.

అట్లు జ్ఞాపకము చేసినవారిలో మొదట చెప్పదగినది బొంబాయి నగరపు రఖ్మాబాయి. వడ్రంగుల కులమున పుట్టినది. పదునొకండేండ్ల ప్రాయమున దాదాజీ భీకాజీ అను వానికిచ్చి పెండ్లి చేసిరి. ఆమె అత్తవారింటికి పోక, సవతితండ్రియగు వైద్యుడు సఖారాం అర్జున్ ఇంటనే పెరిగి చదువుకొనెను. 1884లో భర్త న్యాయస్థానమున దావా వేసెను. తెలివి తెలియని నాడు, తన సమ్మతి లేక జరిగిన పెండ్లికి తాను కట్టుపడనని ఆమె వాదము. మరుసటి యేట న్యాయమూర్తి పిన్హే ఆమె పక్షమున తీర్పు చెప్పుచు, ఇష్టములేని భార్యను కాపురమునకు పంపుడని కోర్టుకెక్కు పద్ధతి ఇంగ్లండునుండి వచ్చినదే కాని హిందూ ధర్మశాస్త్రమునందు లేదనెను. ఈ మాటను పెద్దలు గమనింపవలెను. ఆచారము, సంప్రదాయమనుచు ఆనాడు కేకలు వేసినవారు పట్టుకొని వ్రేలాడినది తెల్లవారి చట్టమును!

అప్పీలయినది. తీర్పు తిరుగబడినది. 1887 మార్చిలో, భర్తయింటికి పోవలెను, లేదా ఆరు నెలలు చెరసాలకు పోవలెనని ఉత్తరువయ్యెను. చెరసాలకే పోయెదనని రఖ్మాబాయి బదులు చెప్పెను. బాలగంగాధర తిలకువంటి దేశభక్తుడు సైతము తన పత్రికయందు ఆమెను తీవ్రముగా దూషించెను. కడపట 1888లో రెండువేల రూపాయలు పుచ్చుకొని భర్త తన హక్కును వదలుకొనెను. ఆమె లండనునకు పోయి వైద్యవిద్య నేర్చి వచ్చి, సూరతులోను రాజకోటలోను ఏండ్ల తరబడి స్త్రీలకు వైద్యము చేసెను. ఆమె దూషకులలో ఎందరి యిండ్లకు ప్రసవసమయమున అట్టి వైద్యురాలి అవసరము కలిగియుండునో నేను చెప్పనక్కరలేదు.

ఇక మన తెలుగునాడు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు గౌరమ్మ అను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములుతో వివాహము జరిపించిన కథ మీకు తెలిసినదే. అది మహాకార్యము. అయినను ఆ తరమున మాటలాడినవారు పురుషులు, మాటలాడింపబడినవారు బాలికలు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’నకు వ్రాసిన పీఠికయందు ఒక లెక్క కలదు: విజయనగర మహారాజు తయారు చేయించిన పట్టిక ప్రకారము విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో 1,034 శుల్కవివాహములు జరిగెనట. వెల కట్టిన సరకును నీకిష్టమేనాయని అడుగువాడెవడు? ఆ నాటకము 1892లో ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను.

మన నిజాము రాజ్యమున స్త్రీలు తామే వేదిక యెక్కుట ఇంకొక నాలుగు దశాబ్దములకుగాని జరుగలేదు. 1928లో హైదరాబాదునందు మాడపాటి హనుమంతరావు పంతులుగారి పూనికతో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల వెలసెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగినపుడు, దాని ప్రక్కనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. 1935లో మన సిరిసిల్లలోనే ఆ సభలు కూడినపుడు స్త్రీల సభకు మాడపాటి మాణిక్యాంబగారు అధ్యక్షురాలు. స్త్రీవిద్య, బాల్యవివాహము, వితంతువుల పునర్వివాహము అను విషయములు ఆ సభలలో చర్చకు వచ్చెను. సిరిసిల్ల ఇచ్చటికెంత దూరము? మన తాతముత్తాతలలో కొందరు బండి కట్టుకొని ఆ సభకు పోయియుందురు.

అదే 1930వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన శారదా చట్టము అమలులోనికి వచ్చెను. బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది నిండవలెనను నియమము. చట్టము చేసిన నాటికిని, అమలు నాటికిని నడుమ ఆరు నెలల గడువుండుటచే దేశమంతట లగ్నములు తొందరపడినవి; తొట్టెలలోని బిడ్డలకు సైతము ముడివేసిరి. బ్రిటిషు ఇండియాకు చేసిన ఆ శాసనము నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. గోదావరి మొగయందున్న ఫ్రెంచివారి యానామునకును వర్తింపలేదు. కనుక కోస్తా మండలములవారు పిల్లలను పడవలలోను బండ్లలోను ఎక్కించుకొని పోయి అచ్చట పెండ్లిండ్లు చేసి వచ్చుచుండిరి. ఆ యూరికి కల్యాణపురమని పేరు పడెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1955లో హిందూ వివాహ చట్టమయ్యెను. ఇందులో నన్ను ఆశ్చర్యపరచిన సంగతి యొకటి కలదు. వధువునకు పదునైదేండ్లు చాలునని వ్రాసి, పదునెనిమిది నిండనిచో సంరక్షకుని అనుమతి కావలెననిరి. తండ్రి, తల్లి, తాత, నాయనమ్మ, అన్న అని ఆ సంరక్షకుల వరుసయంతయు చట్టములోనే కలదు. ఇంతమంది అనుమతిని అడిగిన ఆ క్రమములో పిల్ల అనుమతి మాట లేదు! 1978లో వధువు వయస్సు పదునెనిమిదికి, వరునిది ఇరువదియొకటికి పెంచినపుడుగాని ఆ వరుస తొలగిపోలేదు. అంతకు రెండేండ్ల ముందు, 1976లో, పదునైదేండ్లు నిండకమునుపు పెండ్లియైన బాలిక పదునైదు దాటి పదునెనిమిది నిండులోగా ఆ పెండ్లిని నిరాకరించి విడాకులు పొందవచ్చునని చేర్చిరి. రఖ్మాబాయి వేడినది ఇదియే. ఆమె జైలుకు సిద్ధపడిన తొంబదియేండ్లకు అది దొరకెను. 2006 చట్టము ప్రకారము బాల్యమున పెండ్లి చేయబడినవారు, మైనారిటీ తీరిన రెండేండ్ల లోపల, ఆ పెండ్లిని రద్దు చేయించుకొనవచ్చును.

మన బొగ్గుగనుల ప్రాంతమునకు వత్తము. గోదావరిఖనిలో గనులు తెరచుటకు పూర్వము ఈ పల్లెలలో శ్రమజీవుల కులములందు ఓలి యుండెడిది. అనగా వరుని వారే పిల్లవారికి ఇచ్చెడివారు. మారుమనువు తప్పుగాదు. కాపురము కుదరనిచో కులపెద్దల యెదుట తెగదెంపులు జరిగెడివి. అదంతయు స్వర్గమని నేననను, పంచాయతీలో కూర్చున్నవారు మగవారే గదా. అయినను స్త్రీకి వెలుపలికి పోవు దారి యొకటి ఉండెడిది. గనులు వచ్చి, నెలజీతములు వచ్చి, చదువు వచ్చి, మనము ఓలిని విడిచి కట్నమును పట్టుకొంటిమి. మారుమనువును చిన్నతనముగా తలపసాగితిమి. కొలువున్న వరునికి ఒక వెల యేర్పడెను. 1961లో కట్నమును నిషేధించిరి గాని ఆ వెల తగ్గలేదు. ఉద్యోగి మరణించినను, పనికి తగడని వైద్యులు తేల్చినను, ఆశ్రితులలో ఒకరికి కొలువిచ్చు పద్ధతి బొగ్గుగనులలో కలదు. ఆ వరుసలో కొన్ని సందర్భములందు అల్లుడును చేరును. కొలువు ఆశతో కుదిరిన సంబంధమున పిల్ల యిష్టము ఎన్నవ లెక్కయో మీరే యూహింపుడు. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి పథకము పదునెనిమిది నిండినట్లు రుజువు అడుగును. అందువలన వయస్సు విషయమున మేలు కలిగినది. ఇష్టమునకు రుజువు ఏ కాగితమును అడుగదు.

మంథనికి 1957 నుండి 1977 వరకు శాసనసభ్యుడుగా నుండిన పి. వి. నరసింహారావుగారు మరాఠీ రచయిత హరినారాయణ ఆప్టే నవలను ‘అబల జీవితము’ అను పేర తెనిగించిరి. చిన్ననాడే పెండ్లియై, వైధవ్యమున మూలబడిన స్త్రీ తన కథను తానే చెప్పుకొను గ్రంథమది. మన నియోజకవర్గపు పెద్దమనిషి రాజకీయముల నడుమ ఆ పనికి తీరిక చేసికొనెను. మన గ్రంథాలయములలో దొరకినచో చదువుడు. ఇంటి ఆడువారిచేత చదివించి వినుట మరింత మంచిది.

పిల్లలు మోసపోవుదురను భయము పెద్దలకు కలదు. అది వట్టి భయమని నేననను. వరుని గుణము, అప్పులు, త్రాగుడు విచారించుట తల్లిదండ్రుల పనియే. ఆ పని చేసి తెలిసినది పిల్లకు చెప్పవలెను. తరువాతి మాట ఆమెది. ఈ గీతను దాటినపుడు ఏమగునో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడెమున చూచితిమి. కూతురు తన యిష్టముతో కులాంతర వివాహము చేసికొనెనని తండ్రి కూలి హంతకులను పెట్టి అల్లుని చంపించినట్లు అభియోగము వచ్చెను. విచారణ నడుచుచుండగనే ఆ తండ్రి మరణించెను. 2025 మార్చిలో న్యాయస్థానము హంతకునకు మరణశిక్షయు, తక్కిన ఆరుగురకు యావజ్జీవమును విధించెను. పరువు నిలుపుకొనుటకు చేసిన పనిలో ఎవరి పరువు నిలిచెను? 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, యుక్తవయస్కులైన ఇరువురు పెండ్లికి సమ్మతించినపుడు కుటుంబము, కులము, సంఘము అనుమతి అవసరము లేదని స్పష్టముగా చెప్పియుండెను.

1954నాటి ప్రత్యేక వివాహ చట్టము సంగతి చెప్పి విరమింతును. కులమతముల తేడా యున్నవారు దాని క్రింద పెండ్లాడదలచినపుడు అధికారి కార్యాలయమున ప్రకటన అంటించి ముప్పది దినములు వేచియుండవలెను. ఆ గడువులో ఎవరైనను ఆక్షేపణ వ్రాసియీయవచ్చును. వధూవరులలో ఒకరికి బ్రతికియున్న భార్య గాని భర్త గాని కలరనియో, వయస్సు చాలదనియో, మతిస్థిమితము లేదనియో, నిషిద్ధమైన బంధుత్వము కలదనియో వ్రాయవచ్చును. మాకు ఇష్టములేదని తండ్రి వ్రాసిన కాగితమును ఆ అధికారి ఆక్షేపణగా స్వీకరింపడు.