అరబ్ గ్యాస్ పైప్‌లైన్

అరబ్ గ్యాస్ పైప్‌లైన్ ఈజిప్టులోని ఎల్ అరీష్ నుంచి జోర్డాన్ మీదుగా సిరియా దాకా వేసిన సహజవాయువు మార్గం. పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు. ఒక దేశంలో రగిలిన ఘర్షణ పొరుగు దేశాల విద్యుత్తును ఎలా దెబ్బతీస్తుందో చెప్పడానికి దీని చరిత్రను తరచూ ఉదహరిస్తారు.

నిర్మాణం

2003లో గ్యాస్ జోర్డాన్‌లోని ఎర్రసముద్రపు అకాబా రేవుకు చేరింది. 2008లో మార్గం సిరియా వరకు సాగింది. అదే ఏడాది ఎల్ అరీష్ నుంచి ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్‌కు సముద్రగర్భంలో వేసిన వేరే పైపు కూడా పనిచేయసాగింది. 2010 నాటికి జోర్డాన్ విద్యుదుత్పత్తిలో అధికభాగం, ఇజ్రాయెల్ వాడే గ్యాస్‌లో దాదాపు 40 శాతం ఈజిప్టు సరఫరాపైనే ఆధారపడ్డాయి.

సినాయ్ దాడులు

ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్‌కు వ్యతిరేకంగా ఉద్యమం సాగుతుండగా 2011 ఫిబ్రవరి 5న సినాయ్ ప్రాంతంలోని ఎల్ అరీష్ సమీపంలో పైప్‌లైన్‌ను పేల్చివేశారు. ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు పదిసార్లు దాడులు జరిగాయి. తర్వాతి దాడుల్లో కొన్నింటిని తామే చేశామని సాయుధ సంస్థ అన్సార్ బైత్ అల్ మక్దిస్ ప్రకటించుకుంది. చెల్లింపుల వివాదంతో 2012 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్‌తో ఉన్న గ్యాస్ ఒప్పందం కూడా రద్దయింది.

గ్యాస్ అందక జోర్డాన్ ఖరీదైన డీజిల్, ఫర్నేస్ ఆయిల్‌తో కరెంటు ఉత్పత్తి చేసింది. జాతీయ విద్యుత్ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. ఖజానాపై భారం పెరగడంతో 2012 నవంబరులో ప్రభుత్వం ఇంధన సబ్సిడీలు ఎత్తివేసింది. వంటగ్యాస్ సిలిండర్ ధర 6.5 దీనార్ల నుంచి 10 దీనార్లకు పెరిగింది. జనం వీధుల్లోకి వచ్చారు. 2015లో అకాబాలో తేలియాడే ద్రవీకృత సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) టెర్మినల్ ఏర్పడ్డాక జోర్డాన్‌కు ఓడల ద్వారా గ్యాస్ తెప్పించుకునే వీలు కలిగింది.

తారుమారైన పాత్రలు

మధ్యధరా సముద్రంలో తమర్, లెవియాథన్ గ్యాస్ నిక్షేపాలు బయటపడ్డాక ఇజ్రాయెల్ ఎగుమతిదారుగా మారింది. 2020 జనవరిలో లెవియాథన్ గ్యాస్ జోర్డాన్‌కూ, పాత అష్కెలాన్ పైపులోనే ఎదురుదిశలో ఈజిప్టుకూ వెళ్లసాగింది. ఒకప్పుడు గ్యాస్ అమ్మిన ఈజిప్టు కొనుగోలుదారుగా మారింది.

గాజా యుద్ధం మొదలవగానే 2023 అక్టోబరులో తమర్‌లో ఉత్పత్తిని ఆపివేశారు. ఈజిప్టుకు వచ్చే గ్యాస్ తగ్గిపోయింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పరస్పరం దాడులు చేసుకున్నప్పుడు లెవియాథన్ కూడా ఆగింది. ఈజిప్టులో ఎరువుల కర్మాగారాలు మూతపడ్డాయి.

అమ్మేవారు, కొనేవారు మారినా ఒకే మార్గంపై ఆధారపడడంలోని ముప్పు తొలగలేదు. అందుకే ఈజిప్టు కూడా ఎర్రసముద్ర తీరంలోని ఐన్ సుఖ్నాలో తేలియాడే ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లను ఏర్పాటు చేసుకుంది.