పంపు లేకుండా ప్రయాణించే వేడి

వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. ఈ కదలికను గొట్టాల్లో బంధించి ఒకచోటి వేడిని మరోచోటికి చేరవేసే ఏర్పాటే థర్మోసైఫన్. పంపు ఉండదు, కరెంటు అక్కర్లేదు. ఏ వేడిని తరలించాలో ఆ వేడే ద్రవాన్ని తిప్పుతుంది. పంపు పెట్టడానికి వీల్లేని చోట, పెట్టినా చూసుకునే మనిషి లేని చోట ఈ పద్ధతికి ఎదురు లేదని దాని చరిత్రే చెబుతుంది.

19వ శతాబ్దపు ఇంగ్లండులో పెర్కిన్స్ కుటుంబం కొంత నీరు పోసి మూతులు మూసేసిన ఇనుప గొట్టాలను బేకరీ పొయ్యిలకు అమర్చింది. గొట్టం ఒక కొస నిప్పులో, రెండో కొస రొట్టెలు కాల్చే గదిలో ఉండేవి. వేడి చేరేది కానీ పొగ, బూడిద రొట్టెను తాకేవి కావు.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కార్లలో మొదటి కొన్ని వేలకే ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపు ఉండేది. తర్వాత ఫోర్డ్ దాన్ని తీసేసి థర్మోసైఫన్‌నే నమ్ముకున్నాడు. ఇంజన్ల శక్తి పెరిగాక కార్లలోకి పంపు మళ్లీ వచ్చింది.

అదే కాలంలో, 1909లో, కాలిఫోర్నియాలో విలియం బెయిలీ సోలార్ హీటర్‌ను రెండు ముక్కలు చేశాడు. అంతకుముందు క్లారెన్స్ కెంప్ 1891లో తెచ్చిన హీటర్‌లో నీళ్ల ట్యాంకే ఎండలో ఉండేది, రాత్రయ్యేసరికి చల్లారిపోయేది. బెయిలీ ఎండ పట్టే గొట్టాలను కింద ఉంచి, చలి తగలకుండా కప్పిన ట్యాంకును పైన పెట్టాడు. పగటి వేడి తెల్లారేదాకా నిలిచింది. తర్వాత అక్కడ సహజవాయువు చౌకగా దొరకడంతో ఈ వ్యాపారం పడిపోయింది. అది పనితనంలో లోపం వల్ల కాదు.

థర్మోసైఫన్‌కు ఒక షరతుంది: చల్లబడే కొస పైన ఉండాలి. జనరల్ మోటార్స్‌లో రిచర్డ్ గాగ్లర్ 1944లో పొందిన పేటెంటు ఆ షరతును తొలగించింది. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, గొట్టం లోపలి పొర ద్రవాన్ని వెనక్కి లాగుతుంది. ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ మళ్లీ కనిపెట్టి హీట్ పైప్ అని పేరు పెట్టాడు. బరువే తెలియని అంతరిక్షంలోనూ పనిచేస్తుంది కాబట్టి ఉపగ్రహాల్లోకి ఎక్కింది. ఇవాళ ల్యాప్‌టాప్‌లలోనూ ఉంది.

నన్ను అన్నిటికంటే అబ్బురపరిచేది అలాస్కా. 1977లో మొదలైన చమురు పైప్‌లైను చాలా దూరం గడ్డకట్టిన నేల మీద స్తంభాలపై సాగుతుంది. నేల కరిగితే స్తంభాలు కుంగుతాయి. అందుకే వాటిలో లక్షకు పైగా అమోనియా గొట్టాలు దించారు. చలికాలంలో గాలికంటే నేలే వెచ్చన. అడుగున అమోనియా ఆవిరై పైకి వెళ్లి, అల్యూమినియం రెక్కల దగ్గర వేడి వదిలి, గోడల వెంట జారి కిందికి వస్తుంది. నేల మరింత బిగుస్తుంది. వేసవిలో పైభాగం వేడిగా ఉంటుంది కనుక ఆవిరి చల్లబడే చోటుండదు, ప్రవాహం దానంతటదే ఆగిపోతుంది. మీట నొక్కేవాళ్లెవరూ అక్కర్లేదు.

కూడంకుళం అణు రియాక్టర్లలోనూ ఇదే సూత్రం కాపలా కాస్తోంది: కరెంటు పూర్తిగా పోయినా ఆవిరి పైకెళ్లి, బయటి గాలికి చల్లబడి, నీరై తిరిగొస్తుంది.

మీ మేడ మీద పంపు లేని సోలార్ హీటర్ పెట్టించుకుంటుంటే, ట్యాంకు అడుగు ప్యానెల్ పైఅంచు కంటే ఎత్తులో ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి.