సంక్రాంతే సొంగ్‌క్రాన్

బొగ్గుబాయిల ఊరు రామకృష్ణాపూర్‌లో సంక్రాంతి అంటే జనవరి, ముగ్గులు, పతంగులు. థాయ్‌లాండ్‌లో ఏప్రిల్ 13 నుంచి 15 దాకా నీళ్లు చల్లుకునే కొత్త సంవత్సరం పేరు ‘సొంగ్‌క్రాన్’. రెండింటికీ మూలం ఒకే సంస్కృత పదం: సూర్యుడు ఒక రాశి దాటి మరో రాశిలో అడుగుపెట్టడం. అలాంటివి ఏడాదికి పన్నెండు; మనం మకరాన్ని పట్టుకున్నాం, వాళ్లు మేషాన్ని. మరి మన పండుగలో నీళ్లేవీ అంటారా? పేరు సూర్యుడిది, ఆచారం రుతువుది. బొగ్గుబాయిల ఊళ్లలోలాగే అక్కడా ఏప్రిల్ ఎండ మండిపోతుంది. పుష్యమాసపు చలిలో ఎవరు తడుస్తారు? (తడవడం మనం హోలీకి దాచుకున్నాం.) అయితే నీళ్ల తుపాకుల హడావుడే సొంగ్‌క్రాన్ అనుకుని వెళ్లే యాత్రికుడు సగం పండుగే చూసినట్టు. పాత పద్ధతిలో నీళ్లు చిమ్మరు, మెల్లగా పోస్తారు: ముందు బుద్ధ విగ్రహం మీద, తర్వాత పెద్దల అరచేతుల్లో, మల్లెలు తేలే పరిమళపు నీళ్లు. ఆ తడి చేతులతోనే పెద్దలు దీవిస్తారు.