మన్యంలో వైద్యం: నిర్ణయం ఎవరిది?

మన్యం వైద్య చరిత్ర అనగానే ఆసుపత్రులు ఎన్ని, డాక్టర్లు ఎందరు, మందులు ఏ మేరకు చేరాయి అనే లెక్కలు ముందుకు వస్తాయి. ఆ లెక్కలు అవసరమే. కాని అవి జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటుంది. రోగి దేహం గురించీ, ఊరి ఆరోగ్యం గురించీ నిర్ణయం జరిగే చోట ఆదివాసి ఎక్కడున్నాడు? గదిలో ఉన్నాడా, గుమ్మం బయట ఉన్నాడా? అరకు లోయ నుంచి భద్రాచలం దాకా తూర్పు కనుమల చరిత్రను ఈ ప్రశ్నతో చదివితే, మందు కొండెక్కిన కథ ఒకటి, మాట కొండ దిగని కథ మరొకటి కనిపిస్తాయి.

1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి అతని చేతికి అప్పగించారు. ‘ఏజెన్సీ’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. తెల్లదొరల దృష్టిలో మన్యం జ్వరం ప్రజల బాధగా కాక పరిపాలనకు అడ్డంకిగా కనిపించింది. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న తర్వాత, అరకును ఆనుకుని ఉన్న జయపురం కొండలు పరిశోధనా క్షేత్రమయ్యాయి. ఆనాటి సర్వేలకు కొలమానం పిల్లల కడుపులో బల్ల. దాన్ని తడిమి చూసి ఊరి రోగ తీవ్రతను అంచనా కట్టేవారు. ఆ శాస్త్రం విలువైనదే. అయితే ఆ శాస్త్రానికి ఆదివాసి దేహంతో ఉన్న పని ఆదివాసి మాటతో లేదు. ఇదే మన్యంలో కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించారు, పోడు మీద ఆంక్షలు పెట్టారు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడి వెనుక ఉన్నది ఈ ‘అడగని’ పాలనే.

మరి అడిగే వైద్యుడు లేడా? ఉన్నాడు. అతను దిసారి. అతను రోగి భాషలోనే మాట్లాడతాడు, ఇంటివాళ్ల మధ్య కూర్చుంటాడు, జబ్బు ఎప్పుడు మొదలైందో, ఇంట్లో ఏం జరిగిందో విచారిస్తాడు. అంతమాత్రాన దిసారిని ఆదర్శం చేయడం మన పని కాదు. మెదడుకెక్కిన మలేరియాకు మంత్రం మందు కాదు. ప్రాణం నిలబెట్టేది ఆసుపత్రే. కాని మందు లేని దిసారి దగ్గర మాటకు చోటుండటం, మందున్న ఆసుపత్రిలో మాటకు చోటు లేకపోవడం: మన్యం వైద్యంలోని వైరుధ్యం ఇదే. ఆదివాసి ఆసుపత్రికి ఆలస్యంగా వస్తాడంటే దానికి ‘మూఢనమ్మకం’ ఒక్కటే కారణమనేవాళ్లు ఈ వైరుధ్యాన్ని చూడరు.

ప్రజలను అడగాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. గ్రామాల్లో ఐదుగురు నుంచి ఏడుగురితో ఆరోగ్య సంఘాలు ఉండాలని 1946లోనే భోర్ కమిటీ సూచించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమనే భావన ఆ నివేదిక నుంచే వచ్చింది. కేంద్రం కట్టారు, సంఘం మరిచారు. ఇంగ్లండులో 1972లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెరిన్స్‌ఫీల్డ్‌లో పీటర్ ప్రిచర్డ్ అనే స్థానిక డాక్టరు తన రోగులతోనే ఒక సంఘం ఏర్పరచి, వైద్యశాల నడిచే తీరు మీద వారి అభిప్రాయం తీసుకున్నాడు. 1978లో ఆల్మా ఆటా ప్రకటన, వైద్యాన్ని రూపొందించడంలో, అమలు చేయడంలో పాల్గొనడం ప్రజల హక్కూ బాధ్యతా అని చాటింది.

మన్యానికైతే అంతకన్నా బలమైన ఆయుధమే దక్కింది. 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాలన్నిటిలోని సంస్థల మీదా, సిబ్బంది మీదా అదుపు గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలన్నది. ఆరోగ్య కేంద్రం అందులోదే. రాష్ట్రంలో 1998లో చట్టం వచ్చింది. నియమావళి రావడానికి 2011 దాకా పట్టింది. ఈలోగా 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఊళ్లో ఆశా కార్యకర్త, గ్రామ ఆరోగ్య పారిశుధ్య కమిటీ, ఆసుపత్రి అభివృద్ధి సంఘం వచ్చాయి. కాగితం మీద కుర్చీలకు కొదవ లేదు. కాని ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏ భాషలో మాట్లాడాలి? కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలను 2004లో బడి గుర్తించింది. ఆసుపత్రి ఓపీ చీటీ మాత్రం తెలుగూ ఇంగ్లీషూ దాటి రాలేదు.

అడగకపోవడం ఎంత దూరం పోతుందో భద్రాచలం చూపింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కాన్సరు నిరోధక టీకా వేశారు. ‘పాత్’ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమమది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 హాస్టలు వార్డెన్లు సంతకం చేసినవి అని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టింది. ఆ కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం భావించింది. టీకా మంచిదే కావచ్చు. ఇక్కడి ప్రశ్న టీకా గుణం గురించి కాదు. తల్లిని అడగడానికి బదులు వార్డెను చేత సంతకం చేయించిన చోట, 1839 నాటి ఏజెంటు ఇంకా బతికే ఉన్నాడు.

మన సాహిత్యానికీ ఇందులో పాలుంది. మన్యం రోగి అనగానే మనకు డోలీ కనిపిస్తుంది. మోసేవాళ్ల భుజాలు, వాగు, వాన కనిపిస్తాయి. అది నిజమే, రాయవలసిందే. కాని డోలీలో పడుకున్న మనిషికీ ప్రశ్నలుంటాయి. ఈ సూది ఎందుకు? పురుడు పోసేటప్పుడు మా అత్త దగ్గరుంటే తప్పేమిటి? సంత రోజున డాక్టరు ఎందుకుండడు? మందుల లెక్క గ్రామసభలో ఎందుకు చదవరు? జాలి ఆమెను రోగిగానే ఉంచుతుంది. ఈ ప్రశ్నలు ఆమెను పౌరురాలిని చేస్తాయి. మన్యానికి రోడ్డు కావాలి, డాక్టరు కావాలి, మందు కావాలి. వాటితోపాటే, వాటి మీద తుది మాట చెప్పే హక్కూ కావాలి. చట్టం ఇచ్చిన ఆ హక్కు గ్రామసభలో నోరు తెరిచే రోజు కోసం ఆదివాసి పోరాడవలసే ఉంది. ఆ మాటను వినడం, విన్నది విన్నట్టు రాయడం రచయిత చేయవలసిన పని.